వీరబాబుకు ఏమేం వచ్చు

భద్రాచలంలో మా సంస్థ ఆఫీసు కరకట్టకు దగ్గర్లో రెండు గదుల్లో ఉండేది. జైలు నుంచి వచ్చినవాళ్లకు మోటారు వైండింగు, ఇంటి వైరింగు నేర్పడానికి హైదరాబాదు నుంచి నిధులు వచ్చేవి. జైల్లో మొదలైన క్లాసును బయట పూర్తి చేయించడం మా పని. నేర్పేది వెంకటనారాయణ గారు. నేలకొండపల్లి మనిషి, కరెంటాఫీసులో చేసి రిటైరయ్యారు. కాయితాల పని నాది. నా పేరు బాబూరావు. మా తండాలో డిగ్రీ పాసైన మొదటివాణ్ణి. 2006లో ఆ ఉద్యోగానికి కొత్తవాణ్ణి కూడా.

కారం వీరబాబుకు అప్పుడు ముప్పై ఏళ్లుంటాయి. మణుగూరు అవతల అడవిలో కోయ ఊరు. అన్నలకు అన్నం పెట్టాడని కేసు పెట్టి పద్నాలుగు నెలలు జైల్లో ఉంచారు. చివరికి కోర్టు కేసు కొట్టేసింది. నిజంగానే పెట్టావా అని వెంకటనారాయణ గారు ఒకసారి అడిగితే, "తుపాకులేసుకొని వచ్చి ఆకలైతుందంటే మీరైతే ఏం చేస్తరు సారూ, హోటల్ చూపిస్తరా?" అన్నాడు. ఆయన ఆ మాట ఊరంతా చెప్పుకుని నవ్వారు.

పని మాత్రం బాగా పట్టుబడింది అతనికి. కాలిపోయిన మోటారు విప్పి వాసన చూసి, ఎక్కడ పోయిందో చెప్పేవాడు. ఆఖరి పరీక్ష రోజు ఇంకో పని చేసి చూపించాడు. హైస్కూలు గ్రౌండులో నేల మీద సన్నగా గాడి తీసి తీగ పరిచి, మట్టి కప్పాడు. ఈ చివర బ్యాటరీకి తగిలించిన బటన్ నొక్కితే నూటయాభై గజాల అవతల మోటారు తిరిగింది. వాగు ఒడ్డున ఉన్న మోటారు వేయడానికి రైతు బురదలో పడి పోవాల్సిన పని లేదని అతని ఆలోచన. అందరం చప్పట్లు కొట్టాం. క్లాసులో ఫస్టు వచ్చాడు.

మణుగూరులో తుల్సీరాం అని ఒకాయనకు మోటార్ల షాపు ఉంది. వీరబాబు పని చూసి, ఎండాకాలం గిరాకీ మొదలయ్యేలోపు, మార్చి ఒకటో తారీఖుకల్లా రమ్మన్నాడు. అయితే పనిముట్లు సొంతవి ఉండాలి. ఆ పెట్టె మా సంస్థే ఇస్తుంది, కానీ హెడ్డాఫీసు షరతు ఒకటుంది. ఈ మనిషి విషయంలో మాకు అభ్యంతరం లేదని అతని మండలం పోలీస్ స్టేషను రాసివ్వాలి. ఆ కాయితం వస్తే పెట్టె, పెట్టె వస్తే షాపులో పని. రాకపోతే మళ్లీ తునికాకు, కూలి, ఊళ్లోకి ఎవరొచ్చినా గుండెలో రాయి. అతని భార్య ముత్తక్క అప్పటికే మణుగూరులో కిరాయి గది చూసి వచ్చింది. పిల్లను అక్కడి బడిలో వేస్తానని నాతో రెండుసార్లు చెప్పింది.

జనవరిలో స్టేషనుకు రెండు ముక్కల ఉత్తరం రాశాను. మూడు వారాలైనా జవాబు లేదు. వెళ్లి అడిగితే, ఏం నేర్పారో ఏందో ఇందులో ఏమీ లేదని అక్కడి రైటరు తిప్పి పంపించాడు. ఎస్సై ఉన్నప్పుడు ఎదురుగా కూర్చుని సంతకం పెట్టించుకో, ఎక్కువ రాయకు అన్నారు వెంకటనారాయణ గారు. నేను వినలేదు. మా అయ్యకు వేలిముద్ర తప్ప తెలియదు. ఏ ఆఫీసుకు పోయినా కాయితం సరిగ్గా లేదని వెనక్కి పంపేవాళ్లు. కాయితం సరిగ్గా రాస్తే పని అవుతుందనే నేను చదువుకున్నాను.

సిలబస్సు ముందు పెట్టుకుని పేజీ నిండా రాశాను. వీరబాబుకు వచ్చిన పనులు పద్నాలుగు తేలాయి. వైండింగు, బ్యాటరీలు వరసగా కలపడం, నేలలో తీగ పరచడం. అన్నిటికన్నా గొప్పది కాబట్టి చివర్లో రాశాను, దూరం నుంచి బటన్ నొక్కి యంత్రాన్ని నడిపించడం.

వీరబాబుకు చదివి వినిపించాను.

"సారూ, గా దూరంనుంచి నొక్కుడు గూడ రాయాల్నా?"

"అదే కద వీరబాబూ నీ గొప్ప. అది తీసేస్తే నీకే అన్యాయం."

నన్ను సారు అంటాడు. సారుతో ఎంత వాదిస్తాడు.

ఉత్తరం నేనే తీసుకుపోయి ఇచ్చి, ముద్ర వేయించుకుని వచ్చాను. తొమ్మిదో రోజు అడవి దారిలో ఒక కల్వర్టు కింద మందుపాతర పేలింది. జీపులో ఇద్దరు కానిస్టేబుళ్లు చచ్చిపోయారు. తీగ మట్టిలో కప్పి, దూరంగా తుప్పల్లో కూర్చుని బ్యాటరీతో పేల్చారని పేపర్లో రాశారు. అది చదివినప్పుడు కూడా నాకు తట్టలేదు.

మూడో రోజు ముత్తక్క పిల్లను చంకనేసుకుని బస్సు దిగి ఆఫీసుకు వచ్చింది. ఆ తెల్లవారుజామున పోలీసులు వచ్చి వీరబాబును తీసుకుపోయారట. ఎందుకని అడిగితే, మీ ఆయన పెద్ద ఇంజనీరట గదా అన్నారట.

హాజరు రిజిస్టరు సంచిలో పెట్టుకుని మొదటి బస్సుకు స్టేషనుకు పోయాను. పేలుడు జరిగిన రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా వీరబాబు మా సెంటర్లోనే ఉన్నాడు, కొత్త బ్యాచికి సాయం చేస్తూ. రెండు పూటలా సంతకాలున్నాయి. లోపలి గదిలో ఎవరో దగ్గుతున్నారు. అది వీరబాబేనా అని అడగలేకపోయాను. ఎస్సై మర్యాదగానే కూర్చోమన్నాడు. చాయ్ తెప్పించాడు. రిజిస్టరు తిప్పి చూసి పక్కన పెట్టాడు. వీరబాబే పేల్చాడని తను అనడం లేదన్నాడు. పేల్చినవాళ్లకు ఎవరు నేర్పారన్నదే తన ప్రశ్న అన్నాడు. తర్వాత నా ఉత్తరం తీశాడు. కొన్ని లైన్ల కింద ఎర్ర గీతలున్నాయి.

"సంతకం నీదేనా?"

"అవ్ సార్."

"ఇవన్నీ నిజంగ నేర్సుకున్నడా? లేకపోతే పైనోళ్లకు చూపిచ్చుకునేటందుకు పుస్తకంల చూసి ఎక్కిచ్చినవా?"

ఆయన నిజంగానే దారి ఇచ్చాడో, ఉచ్చు వేశాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ నిమిషంలో నాకు తోచింది ఒక్కటే. చేయని పని చేసినట్టు రాశానని ఒప్పుకుంటే నేను దొంగను, మా సంస్థ దొంగది, జైలు మనుషుల పేరు చెప్పి డబ్బు తిన్నవాళ్లం అవుతాం.

"అన్నీ నేర్సుకున్నడు సార్," అన్నాను. "పరీక్షల ఫస్టొచ్చిండు."

అదే మాట కాయితం మీద రాసి నా ముందు పెట్టారు. చదువుకుని సంతకం చేశాను.

వీరబాబును రిమాండు చేసి ఖమ్మం జైలుకు పంపారు. మార్చి ఒకటికి తుల్సీరాం ఇంకొకతన్ని పెట్టుకున్నాడు. తప్పు పట్టలేను, ఎండలు ముదురుతున్నాయి. ముత్తక్క కిరాయి గది వదులుకుంది. ఏప్రిల్లో హెడ్డాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. అడవి మండలాల వాళ్లకు ఇకమీదట కరెంటు పనులు నేర్పవద్దు, విస్తరాకులు కుట్టడం, సబ్బుల తయారీ అయితేనే నిధులు ఇస్తాం అని. జైల్లో క్లాసు కూడా ఆగింది. వైండింగు మిషన్ల మీద గోనెలు కప్పి మూల గదిలో పెట్టారు. వెంకటనారాయణ గారు నేలకొండపల్లి వెళ్లిపోయారు. పోయేటప్పుడు మూల గది తాళంచెవి నా చేతిలో పెట్టారు. తిట్టినా బాగుండేది.

మే నెలలో ములాఖత్‌కు పోయాను. జాలీ అవతల వీరబాబు చిక్కిపోయి ఉన్నాడు. కుడిచేతి రెండు వేళ్లు వంగడం లేదు. నేను చూస్తున్నానని చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. పిల్ల ఎట్లుందని అడిగాడు. జ్వరమొస్తే భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయాం, తగ్గిందన్నాను. తప్పంతా నాదే అని చెబుదామని దారి పొడవునా అనుకుంటూ పోయాను. అక్కడ పిల్ల జ్వరం సంగతే మళ్లీ చెప్పాను. టైం అయిందని జవాను అన్నాక అతనే మాట్లాడాడు.

"మల్ల ఎవలన్న అడిగితే నాకేం రాదని చెప్పు సారూ."

కోపం లేదు గొంతులో. దరఖాస్తులో ఏం రాయాలో చెబుతున్నట్టు చెప్పాడు.

కేసు ఇన్నాళ్లకు విచారణకు వచ్చింది, నిన్న నాకు సమన్లు వచ్చాయి. వీరబాబు మీద సాక్షుల్లో నేను మూడోవాణ్ణి. స్టేషన్లో చెప్పిందే కోర్టులో చెబితే చాలు, ఉన్నదున్నట్టు చెప్పడానికి భయమెందుకు అన్నాడు సర్కారు వకీలు. మాట మారిస్తే నా మీద కేసవుతుందని కూడా చెప్పాడు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు తలుపు దగ్గరికి వేసి నిలబడి, పైకి అని చూసుకుంటున్నాను. రాదు సార్. వీరబాబుకు ఏ పనీ రాదు. ఎన్నిసార్లు అన్నా అబద్ధంలాగే వినిపిస్తోంది. వాయిదాకు ఇంకా పదకొండు రోజులుంది.