మరికొందరు

గుంత మోకాలి లోతుకి దిగాక ఆయన గునపాన్ని భుజానికి ఆనించుకుని కాస్త ఊపిరి పీల్చుకున్నాడు. పొద్దున లేచినప్పటి నుంచీ ఎడమ చెయ్యి లాగుతోంది. లాగనీ, అనుకున్నాడు. పెళ్ళికి ముందు నుంచీ నేలని పొడుస్తున్న చెయ్యి, ఈ వయసులో లాగక పాటలు పాడుతుందా?

రోడ్ల శాఖలో అందరూ ఆయన్ని గునపం అనే పిలుస్తారు. జీతాల రోజున తప్ప అసలు పేరుతో ఎవరికీ పని పడదు. రోడ్డు పక్కన మైలురాళ్ళు, హద్దురాళ్ళు పాతడం ఆయన ఉద్యోగం. మనిషి పొట్టి, వెడల్పు. తల నేరుగా భుజాల మీదే పెట్టినట్టు ఉంటుంది. చేతిలోని గునపం శాఖది కాదు, సొంతం. ఆయన అరచేతుల రాపిడికి దాని పై సగం నున్నగా అరిగి మెరుస్తూ ఉంటుంది. అడిగినవాళ్ళకి ఒంటి మీది చొక్కా అయినా విప్పి ఇస్తాడు కానీ గునపం మాత్రం ఇవ్వడు. "నేను పుట్టింటికి పోతే పట్టించుకోడు. అది కనపడకపోతే మాత్రం ఊరంతా గాలిస్తాడు" అని భార్య నలుగురిలో ఎగతాళి చేస్తుంది. ఆమె కూడా అదే శాఖలో కూలి. ఆయన తవ్వుతాడు, ఆమె సిమెంటు కలుపుతుంది. కాపురమంతా రోడ్డు పక్కనే గడిచిపోయింది.

ఆయనకి ఉన్న గొప్ప ఒక్కటే. ఆయన పాతిన రాయి ఇంతవరకూ ఒరగలేదు. లారీలు గుద్దితే విరిగాయి, వానలకి అక్షరాలు చెరిగాయి, కానీ ఒరగలేదు. అందులో రహస్యమేమీ లేదు. రాయిలో మూడో వంతు మట్టిలో ఉండాలి, అంతే. పైకి ఎంత కనపడాలని ముచ్చటపడితే లోపల అంత దాచుకోవాలంటాడు.

ఇవాళ్టి రాయి మైలురాయి కాదు. గోనెసంచుల మీద వెల్లకిలా పడుకోబెట్టిన నల్లరాయి, మనిషంత పొడవుంది. పైన వకీలుగారి ముఖం చెక్కారు. ముఖం కన్నా కళ్ళజోడు బాగా కుదిరింది. పరాయి దొరల కాలంలో ఆ వకీలుగారు సరిగ్గా ఇక్కడే, కుర్చీ మీద నిలబడి, దొరలకి పన్ను కట్టొద్దని జనానికి చెప్పారు. చెప్పడం పూర్తయ్యేలోపే పోలీసులొచ్చి పట్టుకుపోయారు. రేపు పొద్దున ఛైర్మన్‌గారొచ్చి ఈ రాయి మీద గుడ్డ తొలగిస్తారు.

ఆయన గునపాన్ని రాయి పక్కన పరిచి కొలిచి, మూడో వంతు దగ్గర సుద్దముక్కతో గీత గీశాడు. గీత కింద ఒక వరుస అక్షరాలు మిగిలిపోయాయి. వంగి, కూడబలుక్కుని చదివాడు.

"ఆయనతో పాటు చెరసాలకు వెళ్ళిన మరికొందరికి కూడా జోహార్లు."

ఆయన వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

"ఏమయ్యా, నడుం పట్టేసిందా?" అంది భార్య, పార ఆపి.

"నాన్న" అన్నాడాయన, ఆ వరుస మీద వేలు పెట్టి.

ఆమెకి ఆ కథ తెలుసు. వకీలుగారు ఎక్కిన కుర్చీ ఆయన తండ్రి మోసుకొచ్చినది. కంకర రోడ్డు మీద కుర్చీ కుదురుగా నిలవక ఊగుతుంటే, వకీలుగారు పడిపోకుండా రెండు చేతులా పట్టుకుని కింద కూర్చున్నాడు. పోలీసులు వకీలుగారితో పాటు అతన్నీ, కుర్చీనీ పట్టుకెళ్ళారు. "కుర్చీ తిరిగి ఇస్తారేమోనని వెనకాలే వెళ్ళాను, నన్నూ ఉంచేసుకున్నారు" అని నవ్వేవాడు తర్వాత. జైలు నుంచి దగ్గు తెచ్చుకున్నాడు. ఆ దగ్గుతోనే పోయాడు. అతని ఫొటో లేదు, సమాధి లేదు. లోకం మొత్తం మీద అతని గురించి రాసిన మాట ఒక్కటే, అది ఇప్పుడు సుద్దగీతకి కిందుంది.

సూపర్‌వైజర్ మోటార్‌సైకిల్ మీద వచ్చాడు. చెడ్డవాడు కాదు, రేపటి సభ పనులతో పాపం ముఖం వాడిపోయి ఉంది.

"ఇంకా నిలబెట్టలేదా గునపం?"

"సార్, ఆఖరి వరుస మట్టిలోకి పోతుంది."

సూపర్‌వైజర్ తల పట్టుకున్నాడు. "ఆ చెక్కినవాడు రాయి మీద ఎక్కి కూర్చుని చెక్కాడు. ఇది నిలబడాల్సిన రాయి అన్న ధ్యాసే లేదు వాడికి. ఆ వరుస కమిటీవాళ్ళు చివర్లో చెప్పారట, చోటుంది కదా అని కింద కొట్టేశాడు."

"కొంచెం పైకి పెడితే?"

"ఇదంతా రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోసిన వదులు మట్టి. నీకు నేను చెప్పాలా? రేపు రాయి ఛైర్మన్‌గారి కాళ్ళ మీద పడితే నా ఉద్యోగం, నీ ఉద్యోగం రెండూ పోతాయి. పూడ్చెయ్యి. పెద్దాయన ముఖం కనపడితే చాలు. ఆ మరికొందరెవరో ఎవరికి తెలుసు?"

బండి వెళ్ళిపోయింది.

"మా నాన్నేనని చెప్పొచ్చుగా, నోట్లో బెల్లంముక్కేమైనా ఉందా?" అంది భార్య.

"చెప్తే నమ్ముతాడా? ఇప్పుడు ఎవర్ని కదిపినా వాళ్ళ నాన్న జైలుకెళ్ళినవాడే."

ఆయన గుంత గట్టు మీద కూర్చున్నాడు. ఆయనకి నిజంగా ఏడుపొచ్చింది. ఒరగని రాళ్ళు తప్ప ఈ బతుకులో చెప్పుకోడానికి ఇంకేముంది? ఆ పేరు పోగొట్టుకోవాలి, లేదా తన చేతులతో తనే నాన్నని ఇంకోసారి పూడ్చాలి. తర్వాత లేచి, తవ్విన మట్టిలో సగం మళ్ళీ గుంతలోకి తోసి, కాలితో తొక్కడం మొదలుపెట్టాడు.

"ఒరిగిపోదూ?"

"ఒరుగుతుంది" అన్నాడు.

దారిన పోయే ఇద్దరు ముగ్గురిని సాయం పిలిచి రాయిని లేపి గుంతలో దించారు. ఆఖరి వరుస నేలకి జానెడు ఎత్తున నిలిచింది. కంకర పోసి, సిమెంటు పోసి, దారానికి కట్టిన గుండు వేలాడదీసి మట్టం చూశాడు. చెయ్యి వదిలితే చాలు, రాయి వెనక్కి వాలుతోంది. అప్పుడాయన గునపాన్ని తీసి రాయి వీపుకి దన్నుగా ఆనించి నేలలోకి ఏటవాలుగా దింపాడు. పక్కనున్న కంకరరాయి ఒకటి తీసుకుని సుత్తిలా మోదుతూ, కింద గట్టినేల తగిలిందాకా దింపాడు. దాని చుట్టూ కూడా సిమెంటు పోశాడు.

భార్య చూస్తూ నిలబడిపోయింది. "మళ్ళీ రాదయ్యా అది. రేపటి నుంచి దేంతో తవ్వుతావు?"

"రేపటి సంగతి రేపు."

సిమెంటు బిగిసేదాకా ఎవరో ఒకరు కాచుకోవాలి. ఆయన రాయి వెనక గునపం పక్కనే చతికిలబడి, వీపు రాయికి గట్టిగా ఆనించాడు. ఆమె తట్ట, పార తీసుకుని కుళాయి దగ్గరికి వెళ్ళింది, కడగడానికి.

లారీ పోయినప్పుడల్లా రాయి సన్నగా వణికేది. ఆ వణుకు ఆయన వెన్నులోకి వచ్చేది. ఆయన కాళ్ళు నేలకి తన్నిపెట్టి కాసుకున్నాడు. నాన్న కూడా ఇలాగే కూర్చుని ఉంటాడు, కుర్చీ కాళ్ళు పట్టుకుని. పైన వకీలుగారు ఏం మాట్లాడారో నాన్నకి ఒక్క ముక్కా వినపడలేదట. వినడానికి వచ్చినవాళ్ళు విన్నారు, నాన్న పట్టుకోవడానికి కూర్చున్నాడు. చెయ్యి లాగడం తగ్గింది. అలసట మాత్రం తగ్గలేదు. ఇక లేవాలనిపించనంత అలసట. కళ్ళు మూసుకున్నాడు.

కుళాయి దగ్గర చాలాసేపు వంతు కోసం ఆగి, ఆమె తిరిగొచ్చేసరికి ఎండ రాయికి అటువైపు తిరిగింది. "పని వదిలేసి కునుకు తీస్తున్నావా? బాగుంది సంబడం" అంటూ ముందు రాయి మీద చెయ్యి వేసి తోసి చూసింది. కదలలేదు. "బిగిసిందయ్యా, ఇక లే" అని ఆయన భుజం మీద చెయ్యి వేసింది. ఆయనా కదలలేదు. ఆమె తట్ట కింద పెట్టి, పక్కన కూర్చుని, ఆయన పాదాలకి అంటిన సిమెంటుని కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. అది అప్పటికే ఎండిపోయింది, ఊడలేదు.

మర్నాడు సభ అనుకున్నట్టే జరిగింది. ఛైర్మన్‌గారు గుడ్డ తొలగించి వకీలుగారి గురించి చాలాసేపు మాట్లాడారు, జనం చప్పట్లు కొట్టారు. ఆఖరి వరుస ఎవరూ పైకి చదవలేదు. అయినా పూలదండ కింద అది అందరికీ కనపడుతూనే ఉంది. సూపర్‌వైజర్ మాత్రం దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు.

సభ అయ్యాక ఎవరో, వెనక ఆ ఇనుపముక్క అసహ్యంగా ఉంది, పీకించెయ్యమన్నారు. ఇద్దరు పట్టుకుని లాగారు. రాలేదు. సూపర్‌వైజర్ వాళ్ళని ఆపి, వద్దులెండి, ఉండనీయండి అన్నాడు.

రాయి ఇప్పటికీ నిటారుగానే ఉంది. దాని వెనక గడ్డి మొలిచింది. గడ్డిలోంచి గునపం తల బెత్తెడు పైకి కనపడుతుంది, దాన్ని పట్టుకునేవాళ్ళెవరూ లేక, మెరిసే చోట సన్నగా తుప్పు పడుతోంది.