దియెప్ అవ్వ ఇంటి పొగ

రండర్రా, రండి! బాతుల్ని అటు తోలి, పడవలు కట్టేసి ఇలా కూలబడండి. నోళ్లు మూయండి. పొగ నడిచే చప్పుడు వినాలి మీరు.

అగరొత్తి పొగ.

పొగంటే పైకి పోవాలి కదా? దియెప్ అవ్వ ఇంట్లో అలా కాదు. గుమ్మం దాటి, మెట్లు దిగి, మెకాంగ్ పాయ మీద నడుచుకుంటూ మడ అడవికేసి పోయేది... కాలు తడవకుండా!

అది ఆవిడ కొడుకు థుయెన్ తద్దినం పొగ.

థుయెన్ అంటే ఎవరనుకున్నారు? భూస్వామి వడ్ల పడవెక్కి ఒక్క కేక వేస్తే తెడ్లన్నీ ఆగిపోయాయి. తెడ్లేంటి — ఏరే ఆగింది! మొసళ్లు తలలెత్తి విన్నాయి. ఫ్రెంచి దొరలు పట్టుకెళ్లి దీవి జైల్లో పారేశారు. అక్కడా గోడలు తట్టి తట్టి, పక్క గదుల ఖైదీలతో మాట కలిపి పార్టీ కట్టాడు.

ఆ తర్వాత... చచ్చాడని కబురు.

శవం ఇవ్వలేదు. ఏ రోజు పోయాడో చెప్పలేదు.

పోయిన రోజు తెలీకపోతే, ఇల్లు విడిచిన రోజే తద్దినం. మా ఏటి పొడుగునా అంతే. అవ్వ కుండలో కొర్రమీను మగ్గబెట్టింది. కొడుకు పేర గిన్నె పెట్టింది, అన్నం తినే పుల్లలు పెట్టింది.

ఏడాది తిరక్కుండానే ఇంకో కబురు. ఈసారి చెవిలో.

బతికే ఉన్నాడు. జైలు దాటాడు, సముద్రంలో మునిగి చచ్చాడనుకున్నారు దొరలు. అడవిలో ఉన్నాడు.

తద్దినం మానేస్తే దొరలకి తెలిసిపోతుంది. తెలిస్తే వేటే.

అందుకని బతికున్న కొడుక్కి ఏటేటా తద్దినం పెట్టింది. ఏటేటా ఏడ్చింది. ఏటేటా పోలీసాయన లొక్ వచ్చి, కొర్రమీను తింటూ ఆవిడ కళ్లకేసే చూసేవాడు.

ఒక ఏడు, బాతులు కాసేవాడొకడు వచ్చి పంక్తి చివర కూర్చున్నాడు. గడ్డం, బురద, చిరుగుల టోపీ.

"అవ్వా, అడుగంటిన మాడుంటే పెట్టవూ?"

లోకంలో ఆ మాట ఆవిణ్ణి అడిగేవాడు ఒక్కడే.

అవ్వ చెయ్యి వణకలేదు.

వణికింది పొగ! ఏటికేసి పోతున్నదల్లా మెట్ల మీద ఆగి... వెనక్కి తిరిగి... బాతులోడి మెడ చుట్టూ చుట్టుకుంది. తల్లి చెయ్యిలాగా.

లొక్ నమలడం ఆపాడు.

"ఛీ, లేవరా బాతులోడా!" అవ్వ గరిటె ఎత్తింది. "నీ కంపు భరించలేక అగరొత్తే లేచొచ్చింది నిన్ను కడగడానికి! చచ్చినోడి మాడు కావాలా నీకు? ఇంద, తీసుకుపోయి నీ బాతులతో కూర్చుని తిను!"

పంక్తంతా పగలబడి నవ్వింది. లొక్కూ నవ్వాడు.

మాడు అరిటాకులో చుట్టుకుని వెళ్లిపోయాడతను. వెనక్కి చూడకుండా.

ఆ ఏడు అవ్వ నిజంగా ఏడ్చింది.

ఆ మాడు తిన్నవాడే అడవిని నడిపించాడు. ఊళ్లు లేచాయి. దొరల ఓడలు తోక ముడిచాయి. పార్టీకే పెద్దయ్యాడు. వేదికెక్కి గొంతు సవరించుకుంటే చాలు — వంగిన వెదుళ్లన్నీ నిటారుగా లేచేవి!

చివరికి ఇంటికొచ్చాడు. తన తద్దినం నాడే. తన గిన్నె తనే అందుకుని మాడు పెట్టించుకున్నాడు.

అవ్వ అలవాటుగా అగరొత్తి వెలిగించింది.

పొగ అతన్ని చుట్టుకోలేదు.

గుమ్మం దాటింది. మెట్లు దిగింది. ఏటి మీద నడుచుకుంటూ మడ అడవికేసి...

అతని వెనక పోయి తిరిగి రానివాళ్లంతా అక్కడే కదా.

అంత పెద్ద నాయకుడూ గిన్నె కింద పెట్టేశాడు.

ఏ ఏడూ పంక్తి తప్పని పక్కింటి ఖీమ్ తాత మాత్రం మూతి తుడుచుకుని, పొగకేసి తేరిపార చూసి —

"ఏమర్రా, దాని వెనకాలే పడవేసుకుపోతే... అక్కడా భోజనాలు పెడతారంటారా?"