సంధ్యారాణి మేడం ఓటమి

గోదావరిఖనిలోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో సంధ్యారాణి మేడం తెలుగు క్లాసంటే పక్క గ్రూపు పిల్లలు కూడా వచ్చి వెనక బెంచీల్లో ఇరుక్కుని కూచునేవాళ్లు. ఆమె తండ్రి పోశం బొగ్గుబాయిలో పనిచేసి, ఊపిరితిత్తులు చెడి చనిపోయాడు. ఆ ఇంట్లో పెద్ద చదువు చదివింది ఆమె ఒక్కతే. బొగ్గు ఏరే ఆడవాళ్లు పాడుకునే పాటల మీద పరిశోధన చేసి ప్రొఫెసరయింది.

ఆమెను రాజకీయాల్లోకి లాగింది ఒక చావు. ఆమె దగ్గర చదివే సహస్ర తండ్రి ఉపేందర్, ఒక కాంట్రాక్టరు కింద పనిచేస్తూ బొగ్గు లారీ కింద పడి చనిపోయాడు. అతను అసలు తన మనిషే కాదన్నాడు కాంట్రాక్టరు. దవాఖాన ముందు సహస్ర తల్లి సారక్క కూలబడిపోతే, సంధ్యారాణి పక్కన నిలబడి ఆమె తరఫున మాట్లాడింది. విన్నవాళ్లు ఏడ్చారు. తర్వాత గుంపుగా ఇంటికొచ్చి, "ఈసారి ఎమ్మెల్యేగ నువ్వే నిలవడాలె మేడం. మా గురించి మాట్లాడెటోళ్లు ఎవలున్నరు?" అని పట్టుబట్టారు.

భర్త కిషన్ బొగ్గుబాయిలో కూలీలతో పని చేయించే సర్దారు. అతను ఒక్కటే అన్నాడు: "సర్కారు నౌకరికి రాజీనామ జేస్తె మళ్ల రాదు. గెలిచినా ఓడినా ఇగ ఆ క్లాసుల అడుగు వెట్టలేవు. సోంచాయించుకో సంధ్యా."

ఆలోచించుకునే రాజీనామా ఇచ్చింది. చివరి క్లాసులో పాఠం సగంలో ఉండగానే గంట కొట్టారు. మిగతాది రేపు చెప్పుకుందామనడం ఆమెకు అలవాటు. ఆ మాట పెదవుల దాకా వచ్చి ఆగిపోయింది. పిల్లలకు అర్థమైంది. ఎవరూ లేవలేదు.

సారక్క, సహస్ర ఆమె వెంట కాలనీలన్నీ తిరిగారు. ఏ గల్లీకి పోయినా హారతి పట్టారు, బొట్టు పెట్టారు, "ఓటు నీకే" అన్నారు. పోలింగు దగ్గర పడుతుండగా సారక్క రావడం మానేసింది. ఫోను ఎత్తలేదు. ఒక సాయంత్రం ప్రచార జీపు చౌరస్తా దాటుతుంటే అవతలి పార్టీ మైకులో తెలిసిన గొంతు వినిపించింది. "నాకు న్యాయం జేసింది గీ అన్ననే." వేదిక మీద ఆ పార్టీ అభ్యర్థి పక్కన సారక్క, మెడలో వాళ్ల కండువా. తల ఎత్తలేదు. జీపు డ్రైవరు బండి ఆపబోతే సంధ్యారాణి "పోనీయ్" అంది.

ఎన్నికల్లో డిపాజిట్ కూడా దక్కలేదు.

ఫలితాలు వచ్చిన మర్నాడు సహస్ర బట్టల సంచితో వచ్చింది. "నేనిగ ఆ ఇంటికి పోను మేడం. మా అమ్మ మొఖం సూడ. మీ దగ్గర్నే ఉంట."

సంధ్యారాణికి పిల్లలు లేరు. వచ్చేపోయే జనం ఒక్కసారిగా మాయమైన ఆ ఇంట్లో ఈ పిల్ల ఉంటే బాగుండునని ఆశ పుట్టింది. సంచి అందుకుని లోపల పెట్టింది కూడా.

సాయంత్రానికి సారక్క వచ్చి గేటు బయటే నిలబడింది. ఒంటి మీద ఆయాలు కట్టే నీలం చీర.

"ఆ అన్నోళ్ల బడిల ఆయా పని ఇచ్చిన్రు మేడం. వేదికెక్కితెనే ఇస్తమన్నరు. పని దొరకకపోతె పిల్ల చదువు బందైతదని భయమైంది. నీకు చెప్పెటందుకు మొఖం చెల్లలే."

అడగాలని మనసులో కూడబెట్టుకున్న మాటలు సంధ్యారాణికి చాలా ఉన్నాయి. ఆ నీలం చీర చూశాక వాటిలో ఒక్కటీ అడగాలనిపించలేదు. లోపలికి పోయి సంచి తెచ్చి సహస్ర చేతిలో పెట్టింది.

"అమ్మతోని ఇంటికి పో బిడ్డా. ఆమెకు నువ్వు తప్ప ఎవలున్నరు?"

"మరి మీకెవలున్నరు మేడం?"

సంధ్యారాణి గేటు తెరిచి పట్టుకుంది. తల్లీకూతుళ్లు ఎడంగా నడుస్తూ గల్లీ మలుపు తిరిగారు.

షిఫ్టు దిగి వచ్చిన కిషన్‌కు ఆమె మెట్ల మీద కూచుని కనిపించింది. ఓడిన రోజు కూడా ఏడవని మనిషి వెక్కి వెక్కి ఏడుస్తోంది. అతను టిఫిన్ డబ్బా కింద పెట్టి, పక్కన కూచున్నాడు.