బూటు గీత

ఏరు దాటి తెప్ప తగలేయడం దొరలకు వెన్నతో పెట్టిన విద్య. ఏళ్ల తరబడి తమ తుపాకులు మోసిన ఊరి సిపాయిలను రేవులో వరసగా నిలబెట్టారు. ఓడలో చోటు లేదని చెప్పి, గుర్రాలను మాత్రం బుజ్జగించి ఎక్కించుకుని మరీ పోయారు. ఓడ కదలగానే కొత్త రాజ్యం వాళ్లు వచ్చి కాల్పులు మొదలుపెట్టారు.

ఆ గుంపులోంచి, ఒక తల్లికున్న ఇద్దరు కొడుకుల్లో పెద్దోడు ఎలాగో బతికి బయటపడ్డాడు. ఇంకా మీసమైనా సరిగా రాని కుర్రవాడు. పటాలం బట్టలు కాల్చేశాడు, బూట్లు పాడుబావిలో పడేశాడు. దారిలో ఒక బండివాడు చెప్పాడు.

"వాళ్లు తుపాకుల కోసం వెతకడం లేదయ్యా, కాళ్లు చూస్తున్నారు. బూట్లేసుకున్నోడి పాదం తెల్లగా ఉంటుంది కదా, పైన గీత కనిపిస్తుంది. అది చాలు, కాల్చేస్తున్నారు."

ఇక చూడండి మనవాడి తెలివి! మిట్టమధ్యాహ్నం ఉత్త కాళ్లతో నడిచాడు, పడుకుంటే పాదాలు ఎండలో పెట్టుకుని పడుకున్నాడు. ఇల్లు చేరేసరికి అవి మాడిన పెనంలా ఉన్నాయి. తల్లి గుండెలు బాదుకుంది. తమ్ముడు నవ్వాడు.

"ఏంటి అన్నయ్యా, పటాలంలో జీతానికి బదులు బొబ్బలిచ్చారా?"

తమ్ముడు ఇటుకల బట్టీలో కూలి. అక్కడ నేల కాలిపోతుందని అన్న కిందటి సెలవులో తన పాత బూట్లు ఇచ్చాడు. చిన్నోడికి అవంటే ప్రాణం, నిద్రలో తప్ప విప్పేవాడు కాదు. పెద్దోడికి ఆ సంగతి తట్టనే లేదు. తన కాళ్ల మీద ఉన్న ధ్యాస తమ్ముడి కాళ్ల మీద లేకపోయింది.

ఎవరో చేరవేసినట్టున్నారు, తనిఖీ వాళ్లు పట్టపగలే వచ్చారు.

"ఈ ఇంట్లో సిపాయి ఉన్నాడట. ఇద్దరూ కాళ్లు చూపించండి."

పెద్దోడి కాళ్లు చూసి వాళ్ల నాయకుడు పక్కకు పొమ్మన్నాడు. చిన్నోడి బూట్లు విప్పించాడు. పిండిలో ముంచి తీసినట్టున్న పాదాలు, చీలమండల పైన చక్కగా గీత.

"నేను బట్టీ కూలీనండీ! ఈ బూట్లు మా..." అని ఆగిపోయాడు చిన్నోడు. మా అన్నయ్యవి అనడానికి ఆ వెర్రివాడికి నోరు రాలేదు.

"ఏమ్మా, వీడేనా సిపాయి?"

అవునంటే చిన్నోడు పోతాడు, కాదంటే పెద్దోడు పోతాడు. తల్లి నేల చూపులు చూసింది. పెద్దోడు తల్లిని చూశాడు. 'నేనే' అన్న మాట అతని గొంతు దాకా వచ్చింది. ప్రాణం తీపి కదా, అక్కడే ఆగిపోయింది. ఆ సిగ్గుమాలిన నిశ్శబ్దంలోనే చిన్నోణ్ణి ఈడ్చుకెళ్లి వీధి చివరి గోడ దగ్గర కాల్చేశారు.

మట్టి చేసి వచ్చాక తల్లి కంచం పెట్టింది.

"నువ్వే చెప్తావనుకున్నాను రా."

"నువ్వు చెప్తావేమో అనుకున్నానమ్మా."

"చెప్పేదాన్నే. నిన్నే చూపించేదాన్ని. నోరు పెగిలేలోపు వాణ్ణి తీసుకుపోయారు."

పెద్దోడు తల వంచుకుని తిన్నాడు. ఆకలి దంచేస్తోంది మరి. కంచం ఖాళీ అయ్యాక ఆమె మారు వడ్డించింది.