సారమ్మ ఇంటి ఫారం

ఎనిమిది దేశాల్లో ఒకే ప్రశ్నలు అడుగుతున్నామని శిక్షణలో చెప్పారు. జీతం తీసుకోకుండా ఊరికి, పక్కవాళ్లకు పనిచేసేది ఎవరు, ఎందుకు చేస్తారు, చేశాక వాళ్లకేమవుతుంది అన్నది ఆ పరిశోధన. కడప జిల్లాలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల చీటీలు తీస్తే వచ్చాయి. ఇల్లిల్లూ తిరిగి అడగడానికి పెట్టుకున్న ఆరుగురిలో నిర్మల ఒకతె.

ఆమెది జమ్మలమడుగే. ముప్పై ఆరేళ్లు. ఇదివరకు వార్డు వాలంటీరుగా యాభై ఇళ్లు చూసింది. ఆ పని పోయాక ఖాళీగా ఉంటే ఇది దొరికింది. గడప దగ్గర నిలబడి పేర్లు రాసుకోవడం ఆమెకు కొత్త కాదు.

మొదటి వారం పులివెందులలో గడిచింది. అక్కడొక చీనీతోట రైతు ఎండాకాలమంతా రెండు వీధులకు తన బోరు నీళ్లు వదిలాడని పక్కింటివాళ్లు చెప్పారు. ఆయన మాత్రం తాను ఏ సేవా చేయలేదన్నాడు. నీళ్లున్నాయి కాబట్టి ఇచ్చాను, అది కూడా రాసుకునే సంగతేనా అని అడిగాడు. నిర్మల ‘లేదు’ అనే గడిలోనే నొక్కాల్సి వచ్చింది. వాళ్లు చెప్పిందే రాయాలి, మన తరఫున ఏదీ కలపకూడదు అని సూపర్‌వైజరు మురళీకృష్ణ మొదటిరోజే చెప్పాడు. ఆయన ప్రొద్దుటూరులో కాలేజీ లెక్చరరు, నెమ్మదైన మనిషి. నియమాలు ఇంకో రెండున్నాయి. తలుపు తీయకపోతే మూడుసార్లు వెళ్లాలి, ఒక ఇంటి బదులు ఇంకో ఇల్లు పనికిరాదు. తెలిసినవాళ్ల ఇల్లు వస్తే ఆ ఫారం వేరేవాళ్లకు ఇచ్చేయాలి.

రెండో వారం జమ్మలమడుగు జాబితా వచ్చింది. పదిహేడో వరసలో సారమ్మ పేరుంది. చర్చి వెనక సందు.

ఫారం తిరిగి ఇచ్చేస్తే సరిపోయేది. కానీ ఎట్లా తెలుసని అడుగుతారు. నిర్మల ఆ ప్రశ్నకు భయపడింది. మొదటిరోజు సందు మొదట్లోనే నిలబడి, ట్యాబులో ‘తాళం వేసి ఉంది’ అని నొక్కి వెనక్కి వచ్చేసింది. రెండోరోజు నాలుగిళ్లు ముందుకు పోయి మళ్లీ అదే నొక్కింది.

సారమ్మ కొడుకు కళ్యాణ్. నాలుగేళ్ల కిందట, కరోనా రెండోసారి వచ్చినప్పుడు, చర్చి యువకులు కొందరు శవాలను సమాధి చేయడానికి ముందుకొచ్చారు. సొంతవాళ్లే దగ్గరికి రాని రోజులవి. పేర్లు రాసుకున్నది, ఫోన్లు చేసింది నిర్మలే. ఆటో నడుపుకునే కళ్యాణ్ అందరికన్నా చిన్నవాడు, అందరికన్నా ముందుండేవాడు. పది శవాలయ్యాక ఇక చాలని తల్లి బతిమాలితే సరేనన్నాడు. మూడురోజులకు నిర్మల ఫోన్ చేసింది. ఆడమనిషి శవం, ముగ్గురమే ఉన్నాం, ఎత్తలేకపోతున్నాం, ఈ ఒక్కసారి రమ్మంది. వచ్చాడు. ఆ తర్వాత పన్నెండో రోజున కరోనాతో వాడే పోయాడు.

మూడోసారి నిర్మల తలుపు తట్టింది.

సారమ్మ వసారాలో కూర్చుని విత్తనానికి చెనక్కాయలు ఒలుస్తోంది. అరవైకి దగ్గర పడిన మనిషి, ఇంకా ముసలిగా కనిపించింది. నిర్మలను చూసి ఆశ్చర్యపోలేదు. ఎందుకొచ్చావని అడిగి, చెప్పింది విని, అడుగు అంది. మాటలు రికార్డవుతాయని చెబితే తలూపింది. ఇంట్లో ఎంతమంది అంటే ఇద్దరం అంది. కూతురు అమూల్య కడపలో నర్సింగు చదువుతోంది.

గత పన్నెండు నెలల్లో ఈ ఇంట్లో ఎవరైనా జీతం లేకుండా ఇతరుల కోసం పనిచేశారా అని నిర్మల చదివింది. లేదంది సారమ్మ. అంతకుముందు ఎప్పుడైనా చేశారా అన్నది తర్వాతి ప్రశ్న.

సారమ్మ చేతులు ఆగాయి.

“నీకు తెలీదా?”

“నువ్వు చెప్పిందే రాయాలత్తా.”

“అయితే రాసుకో. కళ్యాణ్. ఇరవై మూడేండ్లు. పదకొండు పీనుగుల్ని మోసినాడు.”

నిర్మల రాసుకుంది. ఆ పని వల్ల ఆ మనిషికి కలిగిన మేలు ఏమిటన్నది తర్వాత వచ్చింది. జవాబులు ఐదున్నాయి, ఐదూ చదవాలి. కొత్త నైపుణ్యం, స్నేహితులు, గౌరవం, ఉద్యోగం, మనసుకు తృప్తి. ఆమె గొంతు తనకే వినపడనంత చిన్నదైపోయింది. సారమ్మ ఇంకోసారి చదవమంది. చదివింది.

“స్నేహితులంటివే,” అంది సారమ్మ. “వాన్ని గుంతలో దించేదానికి మున్సిపాలిటీ వాళ్లు నలుగురొచ్చినారు. పదకొండు మందికి వాడు పొయ్యినాడు. వానికి మీలో ఒక్కరు రాల్యా. అది యాడ రాస్తావు?”

అప్పట్లో తనకు జ్వరమని నిర్మల కబురు పంపింది. నాలుగేళ్లుగా అందరికీ అదే చెప్పింది. ఎంతగా చెప్పిందంటే, ఒక్కోసారి ఆ రోజు ఒళ్లు కాలినట్టే గుర్తొచ్చేది.

“నాకు జ్వరం ల్యా అత్తా,” అంది. “భయమేసింది. పిల్లలుండారని ఇంట్లోనే కూచుంటి.”

“తెలుసు. ఆ పొద్దు నువ్వు మిద్దె మీద గుడ్డలు ఆరేస్తాంటే అమూల్య చూసింది.”

సారమ్మ ఇంకొక కాయ తీసుకుని పగలగొట్టింది.

“పిలిచినందుకు నిన్నేమీ అనను. వాడు చొక్కా తొడుక్కుంటాంటే నేనూ చూస్తా నిలబడింటి, పట్టుకుని ఆపల్యా. నువ్వు రాలేదు చూడు, అది మాత్రం నాకు పోదు. నాలుగేండ్లు ఇదే ఊర్లో ఉండి, ఈ ఫారం పట్టుకుని వచ్చినావు.”

చివరి ప్రశ్న మిగిలింది. మీ ఇంట్లోని పిల్లలను ఇలాంటి సేవ చేయమని ప్రోత్సహిస్తారా, సున్నా నుంచి పది వరకు ఒక అంకె చెప్పండి. అమూల్య గురించే గదా అని అడిగి, సారమ్మ సున్నా అంది. నిర్మల లేచి నిలబడినా సారమ్మ తలెత్తలేదు.

రెండురోజుల తర్వాత మురళీకృష్ణ ఆమెను ప్రొద్దుటూరుకు పిలిపించాడు. రికార్డింగు ఆయన విన్నాడు. కోప్పడలేదు. అడిగినవాళ్లు, చెప్పినవాళ్లు ఒకరికొకరు తెలిసినవాళ్లయితే ఆ ఫారం చెల్లదని గుర్తుచేశాడు. తప్పు తనది, శిక్ష తనకు వేయండి, ఆ ఇంటి మాటలు మాత్రం ఉంచండని నిర్మల అడిగింది. ఆయన పైవాళ్లకు రాసి చూశాడు. కొట్టేసి ఇంకొకరిని పంపమని జవాబొచ్చింది.

స్వాతి అనే అమ్మాయి వెళ్లింది. సారమ్మ తలుపు తీయలేదు, చెప్పాల్సింది చెప్పేశానని లోపలినుంచే పంపించేసింది. మూడుసార్లూ అంతే. జాబితాలో ఆ ఇంటి ఎదురుగా ‘నిరాకరించారు’ అని పడింది.

ఆ సంగతి తనే చెప్పాలనుకుని, ఆదివారం ప్రార్థన అయ్యాక నిర్మల సందులోకి వెళ్లింది. చేతిలో ట్యాబు లేదు. సారమ్మ తలుపు సగం తీసి, అక్కడే నిలబడి అంతా విన్నది.

“అంటే వాడు దాంట్లో యాడా ల్యా.”

“ల్యా అత్తా.”

సారమ్మ ఇంకేమైనా అంటుందేమోనని నిర్మల ఎదురుచూసింది. తిట్టినా బాగుండుననిపించింది. సారమ్మ తలుపు వేసుకుంది. గట్టిగా కూడా వేయలేదు.

మరుసటి పొద్దున నిర్మల పులివెందుల బస్సెక్కింది. అక్కడింకా పద్నాలుగిళ్లున్నాయి.