కోతల వారంలో కారు

తల్లి బర్క్ ఊళ్ళో ఆసుపత్రిలో చావుబతుకుల మధ్య ఉంటే లోర్నా కారు చెడిందని వంక పెట్టుకు కూర్చుందని పక్క ఫారం డోరీన్ అందట. ఆ మాట గొర్రెల ఉన్ని కోయడానికి వచ్చిన మా జట్టు దాకా వచ్చింది. మాకు వండిపెట్టేది లోర్నాయే. వంటమనిషి లేని షెడ్డులో కోతగాళ్ళు కత్తెర పట్టరు, అది మా కట్టుబాటు.

మధ్యాహ్నం మా జట్టులో ఉన్ని బేళ్ళు కట్టే డెస్మండ్ లోర్నాను తీసుకుని కారు దగ్గరికి వెళ్ళాడు. మేం తింటూ చూస్తున్నాం.

"తాళం తిప్పమ్మా."

ఇంజను గిరగిరా తిరిగింది గానీ అంటుకోలేదు.

"బ్యాటరీ దున్నపోతులా బలంగా ఉంది. తాళం సగమే తిప్పు. వెనకాల పెట్రోలు పంపు రొద చెయ్యాలి."

ఏ రొదా లేదు. డెస్మండ్ ఫ్యూజుల పెట్టె తెరిచాడు. పంపు ఫ్యూజు ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది.

"కాలిపోలేదు తల్లీ, ఎవరో పీకేశారు."

లోర్నా మొగుడు, ఈ గొర్రెల ఆసామి మెర్విన్ బల్ల దగ్గర్నుంచి లేవకుండానే చొక్కా జేబు తట్టాడు. "కోతలయ్యాక పెడతాలే."

"అప్పటిదాకా అమ్మ ఉండదు," అంది లోర్నా. మెర్విన్ రొట్టె తుంచుకున్నాడు. ఆమె మా వైపు తిరిగింది. "రెండ్రోజులు మీరే వండుకోలేరా అన్నా?"

మా పెద్ద కోతగాడు క్లారీ కంచం ముందుకు తోశాడు.

"మేం కోయడానికొచ్చాం, వండుకోడానికి కాదు. కూర వెయ్యి."