మూడో ట్రాక్

పెళ్లైన ముప్పయ్యో రోజున మా ఆయన నాకో కానుక తెచ్చాడు. చీర కాదు, ఉంగరం కాదు, సీడీ! కాలేజీ రోజుల నుంచీ నేను పడిచచ్చే ముగ్గురు జపాన్ గాయనుల కొత్త సింగిల్, అంటే ఒక్క పాట కోసం వేసిన సీడీ. ఫోన్‌లో వినడం వేరు, చేతిలో పట్టుకోవడం వేరు. పెట్టె ఎడమ అంచుకి చుట్టి, చీమల బారులాంటి అక్షరాలతో ఒక కాగితం పట్టీ ఉంటుంది. దాన్ని చింపి పారేసేవాళ్లు అభిమానులే కారు.

పాట సంగతి చెప్పకపోతే నా ప్రాణం ఊరుకోదు. మొదట పియానో ఒక్కటే, చెప్పులు చేత్తో పట్టుకుని తడి మెట్లు ఎవరో దిగుతున్నట్టు. ఆ తర్వాత మూడు గొంతులూ ఒక్కసారిగా గొడుగులా విచ్చుకుంటాయి. పల్లవి చివర ‘మాతా నే’ అంటారు. మళ్లీ కలుద్దాం అని అర్థం. మూడోసారి అనబోయే ముందు సన్నగొంతు పిల్ల గుటుక్కున ఊపిరి పీల్చడం వినిపిస్తుంది. ఆ ఊపిరికి నేను ఫిదా. ఇవన్నీ సీడీతో వచ్చిన పాట పుస్తకంలో పెన్సిల్‌తో తెలుగులో రాసిపెట్టుకున్నాను కూడా.

సీడీలో మొత్తం మూడు ట్రాకులు. మూడోది అదే పాట, గొంతుల్లేకుండా. అభిమానులు పాడుకోవడానికన్నమాట. పొద్దున్నే సింకు దగ్గర నిలబడి మేం దానికి మా సొంత మాటలు తగిలించేవాళ్లం.

‘గిన్నెలు నువ్వు, గుడ్డలు నేను, గుమ్మం దాటితే ముద్దు రద్దు!’

మేడ మీద రెండు గదులు, మా మొట్టమొదటి సొంత కాపురం. కింద ఇంటావిడ ఒక్కతే. అద్దెకిచ్చేటప్పుడు హామీగా మా ఆడపడుచు చిరునామా రాయించుకుని, తాళంచెవి ఒక్కటే చేతిలో పెట్టింది. “రెండోది ఎప్పుడో పోయింది తల్లీ” అంది. పొద్దున ఆయన కళ్లజోళ్ల షాపుకి, నేను ప్రూఫులు దిద్దడానికి ప్రెస్సుకి వెళ్లిపోతే, సాయంత్రం దాకా గదులు ఖాళీ.

ఒక సాయంత్రం వచ్చేసరికి పట్టీ కుడి అంచుకి ఉంది.

“ఏంటి మహానుభావా, పట్టీ కుడివైపు తొడిగావ్? ఎడమవైపుండాలి. జపాన్ వాళ్లు చూస్తే గుండాగి చస్తారు.”

“నేను ముట్టుకోలేదే బాబూ! నీ సీడీ ముట్టుకునేంత ధైర్యముంటే ఈపాటికి సైన్యంలో ఉండేవాణ్ణి.”

ఇద్దరం పడీపడీ నవ్వుకున్నాం. రెండ్రోజులకి మళ్లీ కుడివైపే. ఈసారి సీడీ ప్లేయర్ మూత మీద తెల్లటి పౌడరు వేలిముద్ర కూడా ఉంది. మా ఇంట్లో పౌడరు డబ్బా లేదు. ఆ రోజు మాకు నవ్వు రాలేదు.

శనివారం ఉదయం ఉతికిన బట్టలు ఆరేయడానికి దిగాను. ఇంటావిడ మొక్కలకి నీళ్లు పోస్తూ పాడుతోంది. మెడనిండా పౌడరు.

‘గిన్నెలు నువ్వు, గుడ్డలు నేను...’

సన్నగొంతు పిల్ల ఆగిన చోటే ఆగి, గుటుక్కున ఊపిరి పీల్చింది.

“బాగా పాడుతున్నారే ఆంటీ” అన్నాను.

“నీ పాటేగా తల్లీ! వంటింటి గొట్టంలోంచి అన్నీ వినిపిస్తాయి. నాకు మూడోదే నచ్చింది. గొంతుల్లేవు కదా, ఎవరి మాటలైనా ఇమిడిపోతాయి.”

గొట్టంలోంచి పాట వినిపించొచ్చు. అది మూడోదని ఎలా వినిపిస్తుంది?

నేను పైకొచ్చి చెప్పగానే ఆయన దిగి అడిగేస్తానన్నాడు. నేనే ఆయన నోరు మూశాను. ఇక ఇంట్లో మాట్లాడాలంటేనే భయం. చీటీ రాసి చూపించాను: ‘రేపు సాయంత్రం కొత్త తాళం కొందాం. ఆవిడకి చెప్పొద్దు. అదీ కుదరకపోతే మీ అక్క వాళ్లింటికి వెళ్లిపోదాం.’ ఆయన చదివి తలూపాడు. నేను చీటీ మడిచి, అలవాటు చొప్పున సీడీ పెట్టెలో పుస్తకం వెనక దోపాను. మొదటి సినిమా టికెట్లు, ఆయన రాసిచ్చిన చీటీలు, దాచుకోవాలనిపించినవన్నీ నేను దోపేది అక్కడే.

మర్నాడు తాళం కొని వచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. ఇంటావిడ మా మెట్ల మీద, అడుగు మెట్టున కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి రాగం అందుకుంది.

‘కొత్త తాళం చేతిసంచిలో, చెప్పొద్దన్న మాట పెట్టెలో...’

“మీ పాటకి చరణం లేదుగా, నేనే కట్టాను. బాగుందా?”

“ఆంటీ, మా ఇంట్లోకి ఎందుకెళ్లారు?” అడిగేశాడు ఆయన.

“మీ ఇల్లా?” ఆవిడ ముద్దుగా నవ్వింది. “నలభై ఏళ్ల నుంచీ ఆ తలుపు తీస్తున్నాను అబ్బాయ్. బిగించుకో, నేనేం అనను. మీకు ముందున్న జంట మూడు తాళాలు మార్చారు, పాపం.”

పక్కకి ఒదిగి దారిచ్చింది. పైకి వెళ్లాం. మా తలుపు తాళం వేసింది వేసినట్టే ఉంది. లోపల బల్ల మీద నా చీటీ, మడతలు విప్పి, చదును చేసి ఉంది. పక్కనే సీడీ పెట్టె. పట్టీ ఈసారి ఎడమవైపుంది, నేను తొడిగినట్టే, వెంట్రుకవాసి తేడా లేకుండా. తెరిచి చూస్తే లోపల సీడీ లేదు.

రెండు పెట్టెల్లో పట్టినన్ని బట్టలు కుక్కాం. మిగతా కాపురమంతా అక్కడే వదిలేశాం. దిగేటప్పుడు ఇంటావిడ మెట్ల మీద లేదు. ఆవిడ గదిలోంచి మూడో ట్రాక్ వినిపిస్తోంది. గొంతుల్లేవు, పియానో ఒక్కటే. గేటు దాటుతుంటే కిటికీ అవతల ఎవరో గుటుక్కున ఊపిరి పీల్చారు.

“మాతా నే” అంది ఇంటావిడ.

వీధి చివర టాక్సీ దొరికింది. “ఎక్కడికండీ?” అన్నాడు డ్రైవరు.

“మా అక్క వాళ్ల...” అంటున్న ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఆ చీటీలో రాసింది అదే కదా. చిరునామా కూడా ఆవిడ దగ్గరే ఉంది.

“అక్కడికి తప్ప ఎక్కడికైనా” అన్నాను.